తెల్లబంగ్ల స్తంభాలు

మార్చి పదకొండు నుంచి మే పద్దెనిమిది వరకు, రెండు తేదీలనూ కలుపుకొని, అరవై తొమ్మిది రోజులు. వాటిలో మొదటి రోజునూ, చివరి రోజునూ, నడుమ ఒక ఆదివారాన్నీ తీసివేస్తే, మా అన్న పోశం ఆ ఎండాకాలమంతా గోదావరిఖనిలోని మా క్వార్టరు ముందర గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. నీడ జరిగినా ఆయన జరిగేవాడు కాదు. మా వదినె మల్లక్క పాత చీరెను తీగకు కట్టి, నీడనే ఆయన దగ్గరికి జరిపేది.

అన్న భూగర్భ గనిలో, మా మాటలో బాయిలో, సపోర్టుమన్. బొగ్గు తీసిన చోట పైన మిగిలే రాతి కప్పును మావాళ్లు బండ అంటారు. మిగిలినవాళ్లు అడుగు పెట్టకముందే ఆ బండను కర్రతో తట్టి, చెవి ఒగ్గి వినాలి. గట్టి బండ కంగుమంటుంది. పొర విడిన బండ ఖాళీ డబ్బాలా మోగుతుంది. విని, మంచిదో చెడ్డదో చెప్పి, కింద ఊతాలు నిలబెట్టడం ఆయన పని. ముప్పై మూడేండ్లుగా అదే పని. మార్చి పదకొండున మొదటి షిఫ్టులో ఆయన బండను మూడు చోట్ల తట్టి, "మంచిగుంది, రాండ్రి" అన్నాడు. ముందుగా వచ్చినవాడు ఎల్లన్న. ఇరవై రెండేండ్లుగా అన్నకు జోడీ. భుజం మీది కట్టెను ఇంకా కిందికి దించనే లేదు, బండ మీద కూలింది.

విచారణ జరిగింది. బండ హఠాత్తుగా విడిందనీ, ముందుగా పరీక్ష చేసే ఉన్నారనీ, ఎవరి నిర్లక్ష్యమూ లేదనీ తేల్చారు. ఆ కాగితాన్ని అన్నకు ఎదురుగా కూర్చుని నేనే చదివాను. ఆయన నా ముఖం మీది నుంచి చూపు తిప్పకుండా ఆసాంతం ఆలకించాడు. "ఎవరి తప్పూ లేదట" అని నేను ముగించగానే లేచి వెళ్లి, బండ తట్టే కర్రను తలుపు వెనుక నిలబెట్టాడు. ఆ తర్వాత బాయి దిక్కు చూడలేదు.

ఏప్రిల్ ఇరవై ఏడున రెండో కాగితం వచ్చింది. మే పద్దెనిమిదిలోగా డ్యూటీలో చేరకపోతే మస్టరు పట్టీ నుంచి పేరు తీసివేస్తామని అందులో ఉంది. పేరు పోతే క్వార్టరు పోతుంది. అన్న కూతురు యమునకు వారసత్వ ఉద్యోగం మీద ఏ హక్కూ మిగలదు. ఆ కాగితాన్ని మల్లక్క కొంగుముడిలో కట్టుకొని నా గది గడపలో నిలబడింది. వెనుక గదిలో నేనూ, నా పుస్తకాలూ, అచ్చుకు పోయే పాఠ్యపుస్తకాల ప్రూఫులూ ఉంటాం. కాలనీవాళ్లకు దరఖాస్తు రాయించుకోవాలంటే తప్ప ఆ గడప తొక్కే పని ఉండదు. ఆమె కూడా ఎక్కువగా తొక్కదు.

"సదానందం, నీకేమన్న తోస్తుందా?" అంది.

"అన్‌ఫిట్‌కు పెట్టుకొమ్మను వదినె. దవాఖాన బోర్డుల పనికిరాడంటే యమునకు నౌకరి వస్తది. సర్వీసు ఇంక నాలుగేండ్లున్నది."

"అనలేదనుకున్నవా? యమున అడిగింది, నేనడిగిన. 'కాళ్లు చేతులు మంచిగున్నోడు అన్‌ఫిట్ ఎట్లయితడే, గది దొంగతనం' అన్నడు. రోగం లేనోళ్లు రోగం తెచ్చుకుంటుండ్రు, ఈయనకు సత్యహరిశ్చంద్రుని పూనకం." ఆమె ముక్కు చీదుకుంది. "కొండగట్టుకు తీస్కపోయిన. దర్గల తాయెత్తు కట్టించిన. వాడకట్టు లస్మవ్వ చెప్పిందని నిమ్మకాయలు తిప్పి మూడు బాటల్ల పారేసిన. ఎవ్వలతోని మాట్లాడడు. వెన్కనుంచి పిల్చిపిల్చి నా గొంతు పోతాంది, పలుకడు. నీ పుస్తకాలల్ల ఏమన్న ఉంటే చెప్పు. లేకపోతే అవి అమ్ముకుందం."

చివరి మాట వేళాకోళమే. కాని ఆమె నవ్వలేదు.

నా పుస్తకాల్లో ఉన్నది ఒకే ఒక్క స్థలం. ఇరవై అయిదేండ్ల కిందట వరంగల్లులో చదువుకుంటూ, మంథని అవతల గోదావరి ఒడ్డున ఉన్న, జనం తెల్లబంగ్ల అనే దేవరంపేట మహలు మీద నేను పరిశోధన వ్యాసం రాశాను. ఫీజు, పుస్తకాలు, బస్సు చార్జీ అన్నీ అన్న జీతంలోనివే. బైండు చేసిన ప్రతిని ఆయన చేతిలో పెట్టినప్పుడు, దానిని తిరగేసి, బరువు చూసినట్టుగా ఎత్తి, "ఇంత రాసినవంటే ఆ బంగ్ల ఎంతుంటదో ఒక్కసారి సూపియ్యి" అన్నాడు. చూపిస్తానన్నాను. ఆయనకు సెలవు దొరకలేదో, నాకు గడప దాటబుద్ధి కాలేదో, ఇరవై అయిదేండ్లు గడిచాయి.

ఆ సాయంత్రం ఆయన ఎదుట గొంతుకూర్చుని, "అన్నా, నీకు తెల్లబంగ్ల సూపిస్తనన్న. ఆదివారం పోదమా?" అన్నాను.

ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత తలూపాడు.

*

మే అయిదు. ఆటోలో బయలుదేరేటప్పుడు నేను తలుపు వెనుక నుంచి ఆ కర్రను తీసి ఇచ్చాను. అన్న చెయ్యి చాచలేదు.

"తోటల మెట్లుంటయి. దిగెటప్పుడు ఆసరైతది," అన్నాను.

అది నేను చేసిన పని. వదినె చెప్పలేదు, ఆయన అడగలేదు.

దేవరంపేట మహలును నూట అరవై ఏండ్ల కిందట ఒక సంస్థానాధీశుడు కట్టించాడు. సముద్రం దాటి వచ్చిన ఏదో చిత్రపటాల పుస్తకాన్ని చూసి, గ్రీకు దేవాలయాల పోలికలో కట్టించాడు. ఎదురుగా పన్నెండు తెల్లని స్తంభాలు, వాటి మీద త్రికోణపు నుదురు, ఆ నుదుటి మీద శంఖచక్రాలు. మహలు వెనుక మూడు అంతస్తులుగా తోట గోదావరిలోకి దిగుతుంది. ప్రతి అంతస్తుకూ పద్దెనిమిది మెట్లు. ఇవన్నీ నేను రాసినవే. మామిడి చెట్లలో సగం ఎండిపోయాయనీ, నీటి కాలువల్లో ఇప్పుడు మేకలు పడుకుంటాయనీ మాత్రం రాయలేదు.

కాపలాదారు బుచ్చన్న తువ్వాల నెత్తికి చుట్టుకొని ఎదురొచ్చాడు. డెబ్బై ఏండ్లుంటాయి.

"లోపటికి తాళమున్నది. ముందటి వసార సూడుండ్రి, తోట సూడుండ్రి. పువ్వులు తెంపద్దు."

"ఏడున్నయి తాతా, తెంపెటందుకు?" అంది మల్లక్క.

"ఉంటే తెంపద్దంటున్న."

ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వును నేను రెండు నెలల తర్వాత విన్నాను. ఆమె స్తంభాల వరుస చివరిదాకా చూసి, "గింత ఇల్లు ఊడ్శి సానుపు జల్లేటోళ్ల గతేంది?" అని, సద్దిగిన్నె పట్టుకొని తోట వైపు నడిచింది.

నేను అన్నకు ఎదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. స్తంభం కింద ఇంత వెడల్పు, పైకి పోనుపోను ఇంత సన్నబడుతుంది, నడుమ కంటికి తెలియని ఉబ్బు ఉంటుంది, లేకపోతే దూరానికి సన్నగా కనిపిస్తుంది. ఆయన స్తంభాలను చూడటం లేదు. తల పూర్తిగా వెనక్కి వాల్చి వసారా పైకప్పును చూస్తున్నాడు. ముప్పై మూడేండ్ల అలవాటు. ఎక్కడికి పోయినా ముందు తల మీద ఏముందో చూడటం.

"నడుమ ఒక్క ఊతం లేదు," అన్నాడు. "గింత జాగ. ఎట్ల నిలవడ్డది?"

యాభై ఆరు రోజుల్లో ఆయన నోట అంత పొడుగు మాట నేను వినలేదు.

తోటలోకి దిగాం. రెండో అంతస్తులో ఎండిన ఫౌంటెన్ పక్కన కూర్చుని మల్లక్క పులిహోర పెట్టింది. కింద గోదావరి ఇసుకలో నాలుగు పాయలై పారుతోంది. ఆవలి ఒడ్డున, దూరంగా, ఓపెన్‌కాస్టు గనులు తవ్విపోసిన మట్టి కొండలై నిలిచి ఉంది. ఆ కొండలు నేను చదువుకునే రోజుల్లో లేవు.

"బ్లాస్టింగ్ అయింది," అన్నాడు అన్న ఉన్నట్టుండి.

నాకు వినపడలేదు. వదినెకూ వినపడలేదు. ఒక క్షణం తర్వాత మామిడాకుల మీది దుమ్ము రాలింది.

"జూసినవా," అంది మల్లక్క నాతో మెల్లగా, "మనకు ఇనరానిది ఆయనకు ఇనొచ్చింది. సెవులు మంచిగనే ఉన్నయి, మనసే కాయిలపడ్డది."

అప్పుడు నేనూ అట్లాగే అనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి నేల మీద పాదాలు ఆనించి కూర్చున్నాడనే సంగతి నాకు తర్వాత గుర్తుకు వచ్చింది.

తిన్నాక ఆమె గిన్నెలు కడగడానికి రేవు మెట్లు దిగింది. అన్నా నేనూ మళ్లీ వసారాలోకి వచ్చాం. ఆయన ఎడమ నుంచి నాలుగో స్తంభం ముందు ఆగాడు. ముందు అరచేయి ఆనించాడు. తర్వాత కర్రను చేతిలోకి సవరించుకొని, బాయిలో ఎట్లా పట్టుకుంటాడో అట్లాగే, కింది కొసకు జానెడు ఎడంగా పట్టుకొని, స్తంభాన్ని తట్టాడు.

డబ్ మంది.

నా వ్యాసంలో అరవై ఒకటో పుటలో, ఈ స్తంభాలు ఒక్కొక్కటీ ఒకే నల్లరాతిలో తొలిచి సున్నం పూసినవని నేను రాశాను. సంస్థానపు కాగితంలో అట్లాగే ఉంది. దానిని నమ్మాను. మూడు నెలలు ఈ వసారాలో తిరిగి కొలతలు తీసుకున్నాను కాని, ఒక్కసారైనా వేలి కణుపుతో తట్టి చూడలేదు.

అన్న కళ్లు మూసుకున్నాడు. మూరెడు పైన మళ్లీ తట్టాడు. డబ్. ఖాళీ కిరోసిన్ డబ్బా మీద కొట్టినట్టు. చదువు తప్ప మరో పని రాని నా చెవికే అది స్పష్టంగా వినిపించింది. ఒక సున్నపు పెచ్చు ఊడి ఆయన పాదం పక్కన పడింది.

"ఓ తమ్మీ! కొట్టకు, కొట్టకు!" వెనుక పది అడుగుల దూరం నుంచి బుచ్చన్న కేకేశాడు. "లోపట గుల్ల! కట్టె పెట్టి మీద సున్నం మెత్తిండ్రు. చెదలు తిన్నయి. కూలుతది!"

అన్న తిరిగి చూడలేదు.

మూడోసారి తట్టి, చెవి దాదాపు సున్నానికి ఆనించి ఉంచి, నెమ్మదిగా కళ్లు తెరిచాడు. ఆ ముఖాన్ని నేను మరిచిపోలేను. రెండు నెలలుగా దాని మీద పేరుకున్నదేదో దిగిపోయింది.

"గట్టిగున్నది," అన్నాడు. "కంగుమంటాంది. విన్నవా, సదా?"

బుచ్చన్న దగ్గరికి వచ్చాడు. అన్న వైపు, తర్వాత నా వైపు చూశాడు. ఊడిన పెచ్చును వంగి తీసి పక్కన పెట్టాడు.

"విన్న అన్నా," అన్నాను.

"ఏమనిపించింది?"

"గట్టిగనే ఉన్నది."

*

మరునాటి నుంచి ఇల్లు ఇల్లయింది. అన్న గడ్డం గీయించుకున్నాడు. బాయి బూట్లకు నూనె రాశాడు. పొరుగు క్వార్టరు చక్రపాణి గారు, కోస్తా నుంచి వచ్చిన సర్వేయరు, గోడ మీది నుంచి "ఏం పోశం, మళ్లీ రంగంలోకి దిగుతున్నావటగా?" అని అడిగితే, అన్న ఆయన ముఖం వైపే చూస్తూ, "ఏం జెయ్యాలె సారు, నేను లేకపోతే మీ బండ ఎవ్వలు మోస్తరు?" అన్నాడు. మల్లక్క వీధిలో చక్కెర పంచింది. "మరిది సదువు ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది" అని నాకు వినపడేలాగే నలుగురితో చెప్పింది.

నేను మాత్రం ఆయనకు పరీక్షలు పెట్టాను. పరీక్షలు అనే మాటకు సిగ్గుపడుతున్నాను. అన్న అటు తిరిగి భోంచేస్తుండగా వెనుక నిలబడి మామూలు గొంతుతో పిలిచాను. పలకలేదు. కంచం కింద పడేశాను. నేల అదిరినందుకు తిరిగాడు. పెద్ద గ్లాసును నోటికి అడ్డం పెట్టుకొని నీళ్లు కావాలా అని అడిగాను. ఏమిటన్నట్టు చూశాడు. మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. గనిలో మోత మధ్య బతికినవాడి ఇల్లంతా కేకలే. ఇరవై ఏండ్లుగా ఆయన నాకు ఎదురుగా కూర్చునే మాట్లాడుతున్నాడు, గోడకు వీపు ఆనించే కూర్చుంటున్నాడు. ఎవరూ వెనుక నుంచి రాకుండా. అది ఆయన అలవాటని అనుకున్నాను. నేను పుస్తకంలో తల దూర్చి ఉండేవాణ్ని.

బాయిలో మళ్లీ ఆయన బండను తడతాడు. మంచిగుంది, రాండ్రి అంటాడు. ఎల్లన్న స్థానంలో మరొకడు ముందడుగు వేస్తాడు.

చెప్పాలని మూడుసార్లు ఆయన ఎదుట కూర్చున్నాను. నీకు చెవులు వినపడటం లేదు అనడం కష్టం కాదు. ఆ వాక్యం అక్కడ ఆగదు. అది మార్చి పదకొండు దాకా పోతుంది. ఎల్లన్నను నువ్వే పిలిచావు అని దాని అర్థం. మూడుసార్లూ మజ్జిగ గ్లాసు ఇచ్చి లేచాను.

మే పదిన ఎల్లన్న భార్య అనసూర్య వచ్చింది. అన్న బజారుకు వెళ్లిన వేళ చూసుకొని వచ్చింది. మల్లక్క ఇచ్చిన మంచినీళ్లు తాగి, "సదానందం తమ్మితోని ఒక దరఖాస్తు పనున్నది" అంటూ నేరుగా నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"పోశం బావ డ్యూటీ ఎక్కుతుండట."

"అవునక్కా."

"ఎక్కనియ్యకు."

ఆమె పుస్తకాల కట్ట మీద కూర్చుంది.

"ఆయినెకు సెవులు ఎన్నడో పోయినయి. మీ ఇంట్ల తెల్వదా?"

"నాకు మొన్న తెలిసింది."

"మా ఇంట్ల మూడేండ్ల కిందనే తెలుసు. అప్పుడు దవాఖానల అందరికి మెడికల్ జేసిండ్రు. సెవుల పరీక్షకు గోడ దిక్కు మొఖం పెట్టి నిలవెడితే, డాక్టర్ సారు యెన్క నుంచి మెల్లగ అంకె అంటడట. రెండో, నాలుగో. ఇన్నది చెప్పాలె." ఆమె కొంగుతో పెదవులు తుడుచుకుంది. "మా ఆయన ఆయినె యెన్కనే లైన్ల ఉన్నడు. సారు రెండంటే, సారు సూడకుంట వీపు మీద రెండుసార్లు తట్టిండట. నాలుగంటే నాలుగు. పోశం బావ తప్పు పోకుంట చెప్పిండు. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు నాకు. 'మా జోడీ ఫిట్టయిండే' అని కల్లు దాగిండు ఆ దినం."

"అక్కా, నువ్వు అప్పుడే..."

"అప్పుడు నేను గూడ నవ్విన తమ్మీ." ఆమె గొంతు మారలేదు. "బాయిల గూడ మా ఆయననే యిని, సైగ జేసెటోడట. బండ మీద ఈయినె కట్టె ఆనిచ్చి, మంచిదయితే తల ఊపెటోడు. ఆ పొద్దు ఏమయిందో. ఊపిండో, ఊపలేదో. ఈయినె ఊపిండని పోశం బావ అనుకున్నడో. ఇగ అడుగుతందుకు ఎవ్వలున్నరు?"

బయట మల్లక్క బియ్యం చెరుగుతున్న చప్పుడు.

"ఇచారణల చెప్పకపోతివి," అన్నాను.

"చెప్పి? సచ్చినోన్ని దొంగను జెయ్యాల్నా, బతికినోన్ని జేసి జెయిల్ల పెట్టాల్నా? నాకు పోశం బావ మీద పగ లేదు. ఉన్నా తీరేది గాదు. ఇంకొకల ఆడిది నా లెక్క గూసుండద్దు, గంతే." లేచింది. "ఊరందరికి రాస్తవు గద దరఖాస్తులు. మీ అన్నకు రాయి. ఎట్ల రాస్తవో నాకు తెల్వది. సదువుకున్నోనివి."

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. "సెవులు మొన్న దెబ్బకు పోయినయని రాయి. ముందుగల్ల పోయినయని రాయకు."

*

మే పదిహేడు సాయంత్రం అన్న చేతులు కడుక్కొని, పంచె సవరించుకొని, పూజకు కూర్చున్నట్టుగా నా బల్ల ఎదుట కూర్చున్నాడు.

"మళ్ల చేరుతున్నట్టు రాయి, సదా. మంచి అక్షరాలతోని. వేణుమాధవ్ అని కొత్త క్లర్కు వచ్చిండట. మనది జూస్తే ఎవ్వల్రా రాసింది అనాలె."

రాశాను. అంతకుముందే అయిదు చిత్తు ప్రతులు రాసి చింపాను. అన్న మాటగా, మార్చి పదకొండున జరిగిన ప్రమాదం తర్వాత నా రెండు చెవులకూ వినికిడి లోపించిందనీ, బండ పరీక్ష వంటి పనిలో నేను ఉండటం తోటి కార్మికుల ప్రాణాలకు అపాయమనీ, నన్ను వెంటనే మెడికల్ బోర్డుకు పంపవలసిందనీ, అప్పటివరకు గనిలోకి దింపవద్దనీ రాశాను. "ప్రమాదం తర్వాత" అనే మాట దగ్గర కలం ఆగింది. నా జీవితంలో తెలిసి తెలిసి తప్పు తేదీ రాయడం అదే మొదలు. తెలియక రాసింది అరవై ఒకటో పుటలో ఉంది.

"సదివియ్యాల్నా?" అన్నాను.

"నువ్వు రాసినంక ఏం సదువుడు," అని, నేను చూపిన చోట, ఒక్కొక్క అక్షరాన్నీ నిలబెట్టి, సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా కాగితాన్ని వేలి కొసలతో పట్టుకొని కూర్చున్నాడు. ఆయనకు చదవడం వచ్చు. నెమ్మదిగా, కూడబలుక్కుని, కాని వచ్చు. ఆ కాగితం మీద ఆయన చూపు ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. నేను కిటికీ వైపు చూస్తున్నాను.

మరునాడు ఉదయం ఆరున్నరకు బాయి ఆఫీసు ముందున్నాం. నేను వెంట వస్తానంటే ఆయన ఆశ్చర్యపోలేదు. మొదటి షిఫ్టువాళ్లు ముప్పై మంది దాకా టోపీ దీపాలు తీసుకోవడానికి లైనులో ఉన్నారు. అన్నను చూసి లైనంతా కదిలింది.

"పోశం బావొచ్చిండురో!"

"గడ్డం దీస్తే పెండ్లికొడుకు లెక్కనే ఉన్నవు కాకా!"

"కట్టె తెచ్చిండు, కట్టె తెచ్చిండు. ఇగ మనకు ఫికర్ లేదు."

అన్న అందరి ముఖాల వైపూ నవ్వుతూ తలూపాడు. ఎవరేమన్నారో ఆయనకు ఒక్కటీ అందలేదని ఆ ముప్పై మందిలో ఎవరికీ తెలియదు.

వేణుమాధవ్ పాతికేండ్లవాడు. కాగితం తీసుకొని, "ఎవరు రాసిండ్రు కాకా, ముత్యాల లెక్కున్నయి" అన్నాడు. తర్వాత పైకే చదవడం మొదలుపెట్టాడు. కార్యాలయంలో పైకి చదవడం వాళ్ల పద్ధతి, రాయించుకొచ్చినవాడు విని ఒప్పుకోవాలని. రెండో వాక్యం దగ్గర అతని గొంతు తగ్గింది. చదవడం మానలేదు. తల కాగితంలోనే ఉంచి, మెల్లగా, చివరిదాకా చదివాడు. కిటికీకి దగ్గరగా ఉన్న నలుగురు ముందుకు వంగి, తర్వాత వెనక్కి జరిగారు. అన్న కర్రను రెండు చేతులతో ముందర ఆనించుకొని, ప్రతి వాక్యానికీ తలూపుతున్నాడు.

"ఇది నిజమేనా, కాకా?" వేణుమాధవ్ తలెత్తి అడిగాడు. ఈసారి ముఖం ఎదురుగానే ఉంది.

అన్న అతనికి జవాబు చెబుతూ నా వైపు చూశాడు.

"తమ్ముడు రాసిండు గద. వాడు తప్పు రాయడు."

వేణుమాధవ్ రిజిస్టరులో ఏదో రాసి, దవాఖానకు పోవడానికి ఒక చీటీ చింపి ఇచ్చాడు. అన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకొని, కర్రను భుజం మీదికి ఎత్తి, దీపాల గది వైపు నడిచాడు. లైను రెండుగా చీలి దారి ఇచ్చింది.

"పోశం కాకా! అటు గాదు!" క్లర్కు పిలిచాడు.

అన్న నడుస్తున్నాడు.

"కాకా!"

లైనులో ఎవరో తన జోడీగాని చెయ్యి పట్టుకున్నారు. నేను ఆయన వెంట నడిచాను. వందడుగులు కూడా లేవు. నలభై ఎనిమిదేండ్లలో నేను అంత దూరం నడవలేదు. దగ్గరికి వెళ్లాను. పిలిచినా ప్రయోజనం లేదు. చెయ్యి ఎత్తి ఆయన వీపు మీద తట్టాను. ఒకసారి, మళ్లీ ఒకసారి.

ఆయన ఆగాడు. నా వైపు తిరగలేదు. దీపాల గది గోడ వైపే చూస్తూ, వీపు నిటారుగా పెట్టి, బడిపిల్లవాడిలా స్పష్టంగా అన్నాడు.

"రెండు."